ఊరకుక్క ఎవరిది?



ఈ వారం మీతో ఒక అల్పప్రాణిని గురించి మాట్లాడదలచుకున్నాను. "మన ఫాదరుగారికి వేరే విషయం దొరకలేదా, కుక్కల మీద ప్రసంగమా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదవండి. ఆ తరువాత నవ్వవచ్చో లేదో మీరే నిర్ణయించుకోండి.

కొన్ని వారాల క్రితం ఒక ఆదివారం, ఇక్కడ పిఠాపురంలో, సత్యోపదేశం తరగతి ముగించుకుని ఇంటికి వెళ్తున్న ఎనిమిదేళ్ళ పాపను మన గుడి వెనుక గోడ దగ్గర ఒక కుక్క కరిచింది. పిక్క మీద రెండు పళ్ళు లోతుగా దిగాయి. తండ్రి పనికి పోయాడు. ఇంట్లో ఉన్న మామ్మ ఆ గాయానికి కారం అద్ది, పసుపు పెట్టి, గుడ్డ కట్టింది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారంట, పసిది తట్టుకోలేదు" అన్న భయంతో ఆసుపత్రి మాట ఎత్తలేదు. మూడోరోజు సాయంత్రం జపమాలకు వచ్చిన తల్లి మాటల మధ్యలో ఈ సంగతి చెప్పింది. వెంటనే పాపను ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాము. గాయం శుభ్రంగా కడిగి, గాయంలోనూ చేతికీ సూదిమందు వేశారు. చెప్పిన తేదీల్లో మిగతా మోతాదులు కూడా పూర్తయ్యాయి. దేవుని కృపవల్ల, వైద్యుల సేవవల్ల పాప క్షేమంగా ఉంది.

ఆ రోజు నేను ఎందుకు అంత కంగారు పడ్డానో మీకు చెప్పాలి. సుమారు ముప్పై ఏళ్ళ క్రితం, గురువుగా అభిషిక్తుణ్ణయిన కొత్తలో, ఒక పల్లెలో ఒక రైతుకూలీకి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి నన్ను పిలిచారు. కుక్క కరిచి రెండు నెలలు దాటింది. ఆకుపసరు పోయించుకుని, గాయం మానిపోయిందని ఆ సంగతే మరిచిపోయాడు. నేను వెళ్ళేసరికి మంచినీళ్ళ గ్లాసు చూస్తేనే గొంతు పట్టేసి గిలగిల కొట్టుకుంటున్నాడు. దివ్యసత్ప్రసాదం ఇద్దామంటే మింగలేడు. తెలివి మాత్రం ఉంది. "నా పిల్లల్ని దగ్గరికి రానీయకండి ఫాదరుగారూ" అని చేతులు జోడించాడు. మరునాడు పోయాడు. తత్వశాస్త్రం చదువుకుని, బాధను గురించి ఎన్నో పుస్తకాలు తిరగేసి వచ్చిన నేను ఆ మంచం పక్కన నోట మాట లేకుండా నిలబడ్డాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే టీకా వేయించుకుంటే చావడం దాదాపు అసాధ్యం. ఆ రెంటి మధ్యా ఉన్నది కొన్ని రోజుల అశ్రద్ధ మాత్రమే.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. పాపను ఆసుపత్రికి పంపిన రాత్రే మన యువకులు నలుగురు నా వరండాలోకి వచ్చారు. "మీరు ఊ అనండి చాలు ఫాదరుగారూ. మాంసంలో మందు కలిపి పెడతాం. ఒక్క రాత్రిలో వీధంతా శుభ్రమైపోద్ది" అన్నారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కరిపించుకున్నది వాళ్ళ చెల్లెలి లాంటి పిల్ల. తెల్లవారేసరికి ఈ మాట ఎలా పొక్కిందో గాని, రోజూ గుడి గేటు దగ్గర కుక్కలకు అన్నం పెట్టే ఒక మామ్మగారు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నోరులేని జీవాలు బాబూ. వాటికి మాత్రం ఎవరున్నారు?" అంది. ఆమె కన్నీటిలోనూ న్యాయం ఉంది.

ఇద్దరూ నా బిడ్డలే. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: "ఆ కుక్కలు ఎవరివి?" ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు: "ఎవరివీ కావండీ. ఊరకుక్కలు."

ప్రియ పాఠకులారా, జవాబు ఆ మాటలోనే ఉంది. ఊరకుక్క అంటే ఊరి కుక్క. అది మన ఎంగిలి తిని, మన అరుగుల కింద పడుకుని, మన వీధిలో పిల్లల్ని పెట్టి బతుకుతోంది. అడవిలో బతికే మృగం కాదు. "ఎవరిదీ కాదు" అని మనం అనుకుంటున్నది నిజానికి మనందరిదీ. అందరిదీ కనుకనే ఎవరూ పట్టించుకోరు. ఎక్కువమందికి ఉమ్మడిగా ఉన్నదానికే తక్కువ సంరక్షణ దక్కుతుందని ఇరవైమూడు శతాబ్దాల క్రితమే అరిస్టాటిల్ అన్నాడు. మన పెద్దలు అదే సంగతిని ఇంకా పొట్టిగా చెప్పారు: ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని.

ఇక పరిశుద్ధ గ్రంథం చూద్దాం. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గురించి ఒక చట్టం ఉంది. ఎద్దు ఎన్నడూ లేనిది ఒకనాడు మనిషిని పొడిచి చంపితే యజమానికి శిక్ష లేదు. కానీ అది పొడిచే ఎద్దని అతనికి ముందే తెలిసి, ఇరుగుపొరుగు హెచ్చరించినా దానిని కట్టివేయకపోతే, అప్పుడు ఆ చావుకు యజమాని జవాబుదారీ. గమనించండి, ఇక్కడ నేరం కోపం కాదు, క్రూరత్వం కాదు. తెలిసి ఊరుకోవడం. ఎద్దుకు యజమాని ఉన్నాడు. ఊరకుక్కకు యజమాని ఊరే అయితే, తెలిసి ఊరుకున్న ఊరిని దేవుడు ఏమని అడుగుతాడు?

మనకు తెలియదని చెప్పుకునే వీలు లేదు. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని, అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చనిపోయేవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళలోపు పిల్లలు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు కోటీ 53 లక్షలు. 2024 ఒక్క సంవత్సరంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షల పైచిలుకు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో తండ్రి పనిచేసే చోటికి వెళ్ళిన నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చుట్టుముట్టి చంపాయి. ఆ దృశ్యం మనలో చాలామంది ఫోనుల్లో చూశారు. ఇన్ని హెచ్చరికల తరువాత మనం "తెలిసిన యజమానులం" కామా?

"అందుకే కదా చంపేస్తామంటున్నాం" అంటారు మన యువకులు. నాయనలారా, మూడు కారణాలవల్ల అది తగదు.

మొదటిది, అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం, ఇలా జంతువుకు విషం పెట్టి చంపినవారికి 5 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. 2021 జూలైలో మన గోదావరి ప్రాంతంలోనే, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో, సుమారు 300 కుక్కలను విషంతో చంపి గోతిలో పూడ్చారన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్ళి దేశమంతటా వార్త అయింది.

రెండవది, దానివల్ల ప్రయోజనం లేదు. మద్రాసు నగరంలో కార్పొరేషన్ వారు వందేళ్ళకు పైగా కుక్కలను పట్టి చంపారు. కుక్కలూ తగ్గలేదు, రేబిస్సూ పోలేదు. చివరకు 1996లో ఆ పద్ధతి మానుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి వదిలే పద్ధతికి మారారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. కుక్కను చంపితే ఆ వీధి చెత్తకుప్ప అక్కడే ఉంటుంది. ఖాళీ అయిన చోటికి పక్క వీధి కుక్క వస్తుంది. దానికి టీకా పడిందో లేదో మనకు తెలియదు.

మూడవది, అది మన ఆత్మకు మంచిది కాదు. జంతువులను అనవసరంగా బాధించడం, చంపడం మనిషి గౌరవానికే విరుద్ధమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2418వ పేరాలో చెబుతోంది. మూగజీవుల మీద క్రూరత్వానికి అలవాటుపడినవాడు తోటి మనిషి మీద కూడా క్రూరుడవుతాడని పునీత తోమాసు అక్వీనాసు వారు ఏనాడో హెచ్చరించారు. చీకట్లో విషపు ముద్ద విసిరిన చెయ్యి మరునాడు దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి చాచవలసిన చెయ్యి. ఆ సంగతి మరువకండి.

అయితే అన్నం పెట్టే మామ్మగారిదే పూర్తి ధర్మమా? అమ్మా, నీ దయకు దేవుడు నిన్ను దీవించుగాక. కానీ అదే సత్యోపదేశం, అదే పేరాలో మరొక మాట కూడా చెబుతోంది. ముందుగా మనుషుల కష్టానికి చెందవలసిన ధనాన్ని జంతువులకు ఖర్చుచేయడం తగదని, మనుషులకే చెందవలసిన మమకారాన్ని వాటికి మళ్ళించడం తగదని. గేటు దగ్గర అన్నం పెట్టి లోపలికి వెళ్ళిపోతే, ఆ అన్నం కోసం గుమిగూడిన కుక్కల మధ్యనుంచి నడిచి వెళ్ళవలసింది చిన్నపిల్లలు. దయ మంచిదే. సగం దారిలో ఆగిపోయిన దయ మాత్రం ఇంకొకరికి ఆపద తెస్తుంది.

ఇక్కడ మీకు పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారి కథ గుర్తుచేస్తాను. గుబ్బియో అనే ఊరిని ఒక తోడేలు పీడించింది. పశువులనూ, మనుషులనూ చంపింది. జనం బరిసెలు పట్టుకుంటేగాని ఊరు దాటలేకపోయారు. ఫ్రాన్సిస్ వారు దాని దగ్గరికి వెళ్ళి సిలువ గుర్తు వేసి మచ్చిక చేసుకున్నారని చిన్నప్పుడు మనమంతా విన్నాం. మనం మరిచిపోయేది ఆ తరువాత జరిగినది. ఆయన తోడేలును ఊరి నడిబొడ్డుకు తీసుకువచ్చి, జనమందరి ఎదుట ఒక ఒప్పందం చేయించారు. తోడేలు ఇకమీదట ఎవరికీ హాని చేయకూడదు. ఊరు దానికి రోజూ ఆహారం పెట్టాలి. ఇది ఆకలివల్ల చేసిన పాపమని ఆయన అన్నారు. రెండేళ్ళు ఆ తోడేలు ఇంటింటికీ తిరిగి తిన్నది, చచ్చిపోయినప్పుడు ఊరు దుఃఖించింది అంటారు. అద్భుతం ఫ్రాన్సిస్ వారిది. ఒప్పందం మాత్రం ఊరిది. ఎవరో ఒక దయగల మామ్మ పెట్టలేదు, ఎవరో నలుగురు కుర్రాళ్ళు చంపలేదు. ఊరంతా కలిసి బాధ్యత తీసుకుంది.

మన కాలంలో ఆ ఒప్పందం చట్టం రూపంలో రాసిపెట్టే ఉంది. 1992 నాటి 74వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలు, పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనులలో బందెలదొడ్లనూ, జంతువుల మీద క్రూరత్వ నివారణనూ చేర్చింది. జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కలను పట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, రేబిస్ టీకా వేయించే బాధ్యత మునిసిపాలిటీ, పంచాయతీ వంటి స్థానిక సంస్థలది. పని పూర్తయిన కుక్కకు చెవి కొద్దిగా కత్తిరించి గుర్తు పెడతారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, టీకా, ఆపరేషను అయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలనీ, రేబిస్ సోకినవాటినీ మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటినీ మాత్రం వదలకూడదనీ, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కాక నిర్ణయించిన చోటనే ఆహారం పెట్టాలనీ ఆదేశించింది. అదే సంవత్సరం నవంబరు 7న, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్లనుంచి వీధికుక్కలను తీసివేసి ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బైకి టీకా పడితే అక్కడ రేబిస్ వ్యాప్తి ఆగిపోతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అంటే ఇది మానవ సాధ్యమైన పనే.

"మరి మునిసిపాలిటీ వారిదే కదా బాధ్యత, మనకెందుకు?" అనుకుంటే మళ్ళీ ఉమ్మడి గొర్రె కథే. మునిసిపాలిటీ అంటే మన పన్ను, మన ఓటు, మన ఊరు. అడగని బిడ్డకు అమ్మయినా పెట్టదంటారు. అందులోనూ, వేరొకరిని అడిగేముందు మన గోడ వెనుక ఏముందో మనం చూసుకోవాలి.

ఇక్కడ నేను పాపసంకీర్తనం చేసుకోవాలి. పాపను కుక్క కరిచిన చోటు చూడడానికి వెళ్ళాను. మన గుడి పండుగ ప్రేమవిందు తాలూకు ఇస్తరాకులు, ఎముకలు, మిగిలిన అన్నం ఆ గోడ వెనుకే పోయించాము. పోయించమన్నది నేనే. "రేపు తీయిద్దాంలే" అన్నాను. ఆ రేపు రాలేదు. వారాల తరబడి ఆ కుక్కలను అక్కడికి చేర్చి, అది తమ చోటని వాటికి నేర్పింది మనమే. ఆ మర్నాడు నేను ఆ పాప ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులను క్షమాపణ అడిగాను. ఆ చోటు శుభ్రం చేయించాము. నా పేరిట జరిగిన ఈ తప్పు మీ ముందు చెప్పకుండా, మీకు బోధించే అర్హత నాకు లేదు.

కనుక ప్రియ కుటుంబాలారా, నేను మిమ్మల్ని కోరేవి ఇవి.

కుక్కగాని, పిల్లిగాని, కోతిగాని కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా, వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత మందు తయారీ మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలో వేసే టీకాను మొదటి రోజున, తరువాత 3, 7, 28వ రోజుల్లో చేతికి వేస్తారు. గాయం లోతైతే గాయంలోనే మరొక మందు వేస్తారు. ఒక్క మోతాదు కూడా మానవద్దు. పిల్లలు దెబ్బలు తింటామని భయపడి కుక్క కరిచిన సంగతి దాచిపెడతారు. తిట్టమని వాళ్ళకు ముందే మాట ఇవ్వండి.

ఇంట్లో కుక్కను పెంచేవారు ఏటేటా టీకా వేయించండి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు. ఆ జ్ఞాపకార్థం జూలై 6న మన రాష్ట్రంలో పశువైద్యశాలల వారు పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఆ అవకాశం వాడుకోండి. పుట్టినవి ఆడపిల్లలని గోనెసంచిలో కట్టి గుడి గేటు దగ్గర వదిలిపోయే అలవాటు మనవారిలోనూ ఉంది. పెంచలేకపోతే ముందే తల్లికి ఆపరేషను చేయించండి.

కోళ్ళ దుకాణం నడిపే మన సహోదరులు ఆదివారం నాటి వ్యర్థాలను కాలువలో పడవేయకండి. ఇంటి ఎంగిలి వీధిలో విసరకుండా చెత్తబండికే ఇవ్వండి.

వచ్చే ఆదివారం దివ్యబలిపూజ తరువాత మునిసిపాలిటీకి ఒక అర్జీ సిద్ధం చేద్దాం. మన వీధిలో కుక్కలు ఎన్ని, చెవి గుర్తు లేనివి ఎన్ని, పిల్లలు నడిచే దారి ఏది, ఆహారం పెట్టడానికి తగిన చోటు ఏది, అన్నీ రాసి ఇద్దాం. మనమొక్కరమే వద్దు. పాదగయకు వచ్చే యాత్రికుల నడుమ, శ్రీపాద శ్రీవల్లభుని జన్మస్థలంగా పేరొందిన ఈ ఊరిలో, మన హిందూ సోదరులు దత్తాత్రేయుని పటంలో నాలుగు కుక్కలను నాలుగు వేదాలకు గుర్తుగా చూస్తారు. మన ముస్లిం సోదరుల పిల్లలూ ఇవే వీధుల్లో బడికి పోతారు. వారినీ కలుపుకుని వెళ్దాం.

కుక్కలు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు? మామ్మగారికి తెలుసు. ఏది ఈనినదో, ఏది కొత్తగా వచ్చినదో, ఏది మనిషిని చూస్తే గుర్రుమంటుందో ఆమెకే తెలుసు. ఆమె పిలిస్తేనే అవి దగ్గరికి వస్తాయి. కాగితం రాయడం, ఆఫీసు చుట్టూ తిరగడం, పట్టేవారికి సాయం చేయడం ఎవరికి వచ్చు? ఆ నలుగురు యువకులకు వచ్చు. వారిని ఆమె ఇంటికి పంపాను. ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట. తరువాత ఆమె వాళ్ళకు టీ పెట్టిందట. లెక్క మొదలైంది.

లూకా సువార్తలో ధనవంతుడు, లాజరు కథ మీకు తెలుసు. ఆ ధనవంతుడు లాజరును కొట్టాడని గాని, తిట్టాడని గాని ప్రభువు చెప్పలేదు. తన వాకిట్లో ఉన్నవాణ్ణి అతడు చూడలేదు. అంతే. ఆ వాకిట్లోనే కుక్కలూ ఉన్నాయి. అవి లాజరు పుండ్లు నాకాయి. మనిషి చూడని మనిషిని కుక్కలు చూశాయి. తీర్పుదినాన మన వాకిలి గురించే మనల్ని అడుగుతారు. వాకిట్లో కుక్క కరిచిన పాప ఉంది, ఆకలితో ఉన్న కుక్క ఉంది, మనం పోసిన చెత్త ఉంది. ఒకదానిని చూసి ఇంకొకదానికి కళ్ళు మూసుకోలేము.

తోబీతు గ్రంథంలో యువకుడైన తోబియా దూరప్రయాణానికి బయలుదేరినప్పుడు పక్కన రఫాయేలు దేవదూత నడిచాడు, వెంట కుక్క కూడా నడిచింది. దేవదూతా, మనిషీ, కుక్కా ఒకే దారిలో భయం లేకుండా నడిచారు. మన గుడి వెనుక దారి కూడా అలాంటి దారి కావాలి. అందుకు దేవుడు మనకు కళ్ళనూ, చేతులనూ, ఐకమత్యాన్నీ ప్రసాదించునుగాక. ఆమెన్.